లొట్టి అడుగున గసి

వనపర్తి నుంచి పెబ్బేరు పోయే దారికి కొంచెం ఎడంగా ఒక చెరువు కట్ట. కట్ట కింద పాతిక దాకా తాటిచెట్లు, వాటి నడుమ ఒక ముసలి వేప. పొద్దున ఏడు కాకముందే వేప కింద ఇద్దరు కూర్చున్నారు. ఒకరు నలభై ఏళ్లు మోకు, ముస్తాదులతో చెట్లెక్కి, మోకాళ్లు మాట వినకపోయేసరికి పని కొడుక్కి అప్పజెప్పిన మేనమామ. ఇంకొకరు గద్వాల పక్క నడిగడ్డ పల్లెలో పుట్టి, పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటూ, సెలవులకు వచ్చిన మేనల్లుడు. ఇద్దరి మధ్యా అప్పుడే దించిన కల్లు లొట్టి, రెండు తాటాకు రేకలు, ఒక ఫోను.

ఫోనులో ఒక గాజు గ్లాసు ఫొటో ఉంది. గ్లాసు నిండా తేనెరంగు బీరు. వెనక ఒక పేపరు నిలబెట్టి తీశాడు అల్లుడు. బీరులోంచి అక్షరాలు చదవొచ్చు.

"సూడు మామా, ఒక్క నలుసు లేదు. మా ఇంట్ల నేనే కాచిన."

మామ ఫోను దూరంగా పట్టుకుని, కళ్లు చికిలించి చూశాడు. "బాగనే ఉన్నది గని, తాగనీకి చేసినవా, పేపరు సదవనీకి చేసినవా?"

వాదం అక్కడ మొదలైంది. ఎండ వేప నీడను కట్ట దాకా నెట్టేసినా తెగలేదు.

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం దారి తెరిచింది. ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు, అంటే దాదాపు 757 లీటర్లు. అమ్మకూడదు, అంతే షరతు. తెలంగాణలో మాత్రం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఉమ్మడి మహబూబ్‌నగర్ ప్రాంతమైన ఈ పాలమూరులో ఇంటి బీరు లేదు. ఇంటి వెనక చెట్టు మీద దానంతట అదే పులిసే కల్లు ఉంది. ఈస్ట్ దగ్గర, అడుగున దిగే గసి దగ్గర బీరూ కల్లూ దగ్గరి చుట్టాలే. అందుకే ఈ ఇద్దరి మాట ఒకరిది ఒకరికి అర్థమైంది, అర్థమైంది కాబట్టే గట్టిగా కొట్లాడుకున్నారు.

అల్లుడి పద్ధతి ఇది. ఒక్కో వాయికి 19 లీటర్లు. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి, 66 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచుతాడు. గింజలోని పిండి ఆ వేడికి చక్కెరగా మారుతుంది. తీపి రసం దింపి, హాప్స్ పువ్వు వేసి, ఇంకో గంట మరగబెడతాడు. చల్లార్చి, పదకొండున్నర గ్రాముల ఈస్ట్ ప్యాకెట్ చింపి చల్లుతాడు. గాలి బయటికి పోవడమే తప్ప లోపలికి రాని మూత బిగిస్తాడు. రెండు వారాలకు రసం పులిసి బీరవుతుంది. అప్పటికింకా మబ్బుగానే ఉంటుంది. దాన్ని రెండు మూడు రోజులు మంచు కట్టేంత చలిలో పెట్టి, కాస్త జెలటిన్ కరిగించి పోస్తే మడ్డంతా అడుగుకు దిగుతుంది. పైన తేట మిగులుతుంది.

"ఆ రెండు మూడు రోజులే మామా, అసలు పనితనం. ఓపిక లేనోడి బీరు మబ్బుగ ఉంటది. సూడంగనే తెలుస్తది."

"అంటె మబ్బు తప్పంటవ్."

"తప్పని కాదు, అనుమానం. మూడేండ్ల కింద ఒక వాయి మొత్తం పోయింది నాది. పైపు సరిగ్గ కడగలే. బీరు ముందుగాల మబ్బు పట్టింది, తర్వాత పైన తెల్లటి పొర కట్టింది, గ్లాసుల వొంపితే తీగలు సాగింది. పత్తొమ్మిది లీటర్లు మోరీల పోసిన. అప్పటిసంది తేట లేకుంటె నాకు నమ్మకం కుదరదు."

ఇది కొట్టిపారేసే మాట కాదు. బీరులో చేరకూడని బ్యాక్టీరియా చేరితే మొదట పసిగట్టేది చాలాసార్లు కన్నే. పెడియోకాకస్ జాతివి కొన్ని చక్కెరను జిగురుగా మార్చేస్తాయి, తీగలు సాగడం అందుకే. ప్రయోగశాల లేని ఇంట్లో కాచుకునేవాడికి కన్ను, ముక్కు, నాలుకే పరికరాలు. వాటిలో కన్ను ముందు పలుకుతుంది.

మామ లొట్టి వైపు చెయ్యి చూపించాడు. "జెర చెవి పెట్టి ఇను."

అల్లుడు వంగి చెవి ఆనించాడు. లోపల సన్నగా చిటపటలు, వాన వెలిసాక నేల గుటకలు మింగుతున్నట్టు. నురగ అంచున బుడగలు పుట్టి పగులుతున్నాయి.

"ఇది పానం ఉన్న సరుకు. నువ్వు నీ బీరును సలిల పెట్టి పానం తీస్తున్నవ్. పానం పోయినంక తేటగ కాకేమైతది?"

మామ మాటలో కవిత్వం ఉందనుకుంటే పొరపాటు. చెప్పింది చూసినదే. తాటిగెల కొసను గీస్తే కారే రసం మొదట పాల తెలుపు కాదు, కొబ్బరినీళ్లకు దగ్గరగా ఉంటుంది. అందులో నూటికి పది నుంచి పద్నాలుగు పాళ్ల దాకా చక్కెర. ఆ రసం లొట్టిలో పడుతూ ఉండగానే, లొట్టి గోడకు అంటుకున్న ఈస్ట్, గాలిలోని ఈస్ట్, చెట్టు మీది ఈస్ట్ దాని మీద పడతాయి. బేకరీవాడు రొట్టెలో వేసే ఈస్టు జాతే ఇక్కడా ముఖ్యమైనది. దానికి తోడు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా చక్కెరను ఆల్కహాలు చేస్తుంది, పెరుగు పులిపించే రకం బ్యాక్టీరియా పులుపు తెస్తాయి. గంటల్లోనే రసం తెల్లబడుతుంది, ఆల్కహాలు నాలుగైదు శాతానికి చేరుతుంది. ఆ తెలుపు రంగు కాదు. కోట్లకొద్దీ జీవకణాలు వెలుతురును చెదరగొట్టడం వల్ల కంటికి కనపడే తెలుపు.

మరి అవి ఎందుకు అడుక్కు దిగవు? ఒక్కో ఈస్ట్ కణం మిల్లీమీటరును వెయ్యి ముక్కలు చేస్తే అందులో ఐదు నుంచి పది ముక్కలంత. విడిగా ఉన్నంతసేపు చాలా నెమ్మదిగా దిగుతుంది. పైగా కల్లు ఇంకా పులుస్తూనే ఉంటుంది, బుడగలు కణాలను మళ్లీ పైకి లేపుతూ ఉంటాయి. బ్యాక్టీరియా ఇంకా చిన్నవి, అవి దిగనే దిగవు. బీరులో చక్కెర అయిపోయాక ఈస్ట్ కణాలు ఒకదానికొకటి అతుక్కుని గుంపు కడతాయి, బరువెక్కి మునుగుతాయి. కల్లుకు అంత తీరిక ఉండదు. పొద్దున దించింది సాయంత్రానికి తాగెయ్యాలి, మర్నాటికి వెనిగరు దారి పడుతుంది. బీరు తేటదనం పులియడం ఆగిపోయినందుకు, కల్లు తెలుపు పులియడం నడుస్తున్నందుకు. ఒకదాని కొలతతో ఇంకోదాన్ని కొలవబోవడమే ఇద్దరూ చేస్తున్న పొరపాటు.

"తేటగ ఉంటె మాకు రెండే లెక్కలు" అన్నాడు మామ. "లొట్టికి సున్నం రాసి, పులవకముందు దించిన నీరన్న కావాలె. లేకుంటె నీళ్లు తలిగినయన్న అనాలె."

నీరా సంగతి నిజమే. సున్నం పూస్తే ఈస్ట్ లేవదు. పొద్దు పొడవకముందే దించి వెంటనే చల్లబరిస్తే రసం తియ్యగా, మత్తు లేకుండా ఉంటుంది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున నెక్లెస్ రోడ్డు మీద 2023 మేలో తెరిచిన నీరా కేఫ్‌లో అమ్మేది ఈ దశలోని రసమే. అదే చెట్టు, అదే గెల. తేట నుంచి తెలుపుకి మధ్య ఉన్నదంతా ఈస్టు పని.

అల్లుడు ఇంకో దారి పట్టాడు. "జర్మనీల ఐదొందల ఏండ్ల కింద, 1516ల, బీరు శుద్ధికి చట్టమే చేసిండ్రు మామా. బార్లీ, హాప్స్, నీళ్లు, ఈ మూడే ఉండాలె, ఇంకేం కలపొద్దని."

"మంచి చట్టమే. గండ్ల గసి పేరున్నదా?"

అల్లుడు ఆగిపోయాడు. లేదు. బవేరియా చట్టంలో ఈస్ట్ మాట రాయలేదు. బీరును బీరు చేసేదేమిటో రాసినవాళ్లకు తెలియదు. ఈస్టు ప్రాణి అనీ, పులియడం దాని బతుకు అనీ లూయీ పాశ్చర్ బీరు మీద 1876లో ప్రచురించిన పుస్తకం నాటికి గాని గట్టిపడలేదు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్టును పెంచి చూపించాడు. అంతదాకా ఐరోపాలో బీరు కాచేవాళ్లు చేసిందీ, లొట్టిని పూర్తిగా తోమకుండా అడుగున కాస్త గసి వదిలే పాలమూరు గీత కార్మికుడు చేసిందీ ఒక్కటే. పాత గసితో కొత్త రసాన్ని అంటించడం. పేరు తెలియకపోయినా చేతికి తెలుసు.

"మా నాయన ఎన్నడు లొట్టిని రాకి రాకి కడగనియ్యకపోతుండె" అన్నాడు మామ. "అడుగున వేలు మందం ఉండాలె అంటుండె. పెరుగుకు తోడు ఎట్లనో గట్ల."

మరి తేట బీరు మీద ఇంత మోజు ఎప్పుడు పుట్టింది? దీనికి అల్లుడి దగ్గర మంచి కథే ఉంది. బొహీమియాలోని పిల్సెన్ పట్టణంలో బీరు బాగా లేదని జనం విసుగెత్తి 1838లో పీపాలకు పీపాలు బహిరంగంగా పారబోశారు. పట్టణం కొత్త బట్టీ కట్టుకుంది. బవేరియా నుంచి యోసెఫ్ గ్రోల్‌ను పిలిపించింది. 1842లో అతను దించిన బీరు బంగారు రంగులో, అద్దంలా వచ్చింది. బొహీమియాలో గాజు పని ఎప్పటినుంచో ఉంది. ఆ రోజుల్లోనే గాజు గ్లాసులు మామూలు ఇళ్లలోకీ వస్తున్నాయి. అంతకుముందు మట్టి ముంతల్లో, తగరపు చెంబుల్లో తాగేవాడికి లోపలిది తేటో మబ్బో పట్టే పని లేదు. గ్లాసు వచ్చాక కన్ను కూడా తాగడం మొదలుపెట్టింది.

మామ తన చేతిలోని రేకను తిప్పి చూశాడు. పచ్చటి తాటాకును దొప్పలా మడిచి, ఈనెతో కుట్టింది. అందులో పోసిన కల్లుకు ఆకు పచ్చదనం అంటుకుని కనపడుతుంది తప్ప తేట, మడ్డి ఏమీ తెలియవు. పెదవికి మొదట తగిలేది ఆకు వాసన.

"మాకు సీసాలు మొన్న మొన్న వచ్చినయి" అన్నాడు. "సీసా వచ్చినంకనే అడుగున గసి ఉన్నదేంది అని అడుగుడు షురూ అయింది."

ఈ ఒక్క మాట ముందర అల్లుడి ఫొటో కొంచెం చిన్నబోయింది. వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల పట్టణాల కల్లు దుకాణాల్లో ఇప్పుడు కల్లు సీసాల్లో, పెట్టెల లెక్కన పోతుంది. సీసాను ఎండకు పట్టి చూసే అలవాటు సీసాతోపాటే వచ్చింది. పక్క షాపులో అమ్మే కంపెనీ బీరు వడగట్టి, వేడి చేసి, ఈస్ట్ ఆనవాలు లేకుండా చేసి పంపిందే కాబట్టి, అడుగున పొర ఉంటే పాడైందన్న లెక్క కుర్రవాళ్లకు అక్కడినుంచే పట్టుబడింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చాక హైదరాబాద్‌లో వడగట్టని గోధుమ బీరు తాగినవాళ్లకు మాత్రం మబ్బు కొత్త కాదు.

ఆ గోధుమ బీరు దగ్గర అల్లుడు తనకు తానే చిక్కుకున్నాడు. బవేరియాలో దాని పేరులోనే ఈస్టు ఉంది. సీసాను గ్లాసులోకి ముప్పావు వంతు వొంపి, మిగిలినదాన్ని గుండ్రంగా తిప్పి, అడుగున ఉన్న గసిని లేపి మరీ పోస్తారు. అరటిపండు వాసన, లవంగం వాసన వచ్చేది ఆ ఈస్టు పుణ్యమే. అదే బీరును వడగట్టి అద్దంలా చేసిన రకమూ అక్కడే దొరుకుతుంది, కానీ మబ్బుగా ఉన్నదాన్నే ఎక్కువమంది అడుగుతారు. ఇంగ్లండుకు చెందిన కొందరు 1971లో సంఘం కట్టి కొట్లాడింది కూడా ఇందుకే. పీపాలో ఇంకా ఈస్టు బతికున్న బీరును కంపెనీలు మానెయ్యొద్దని.

"అంటె నీ జర్మనోళ్లు గసి తాగుతరు, నువ్వు పారబోస్తవ్" అన్నాడు మామ.

"నేను కాచేది ఆ రకం కాదు మామా. ఏ రకానికి ఆ తీరు."

ఇది సరైన జవాబు. అయితే అతను మొదట అన్నది ఇది కాదు. మబ్బంటే ఓపిక లేనితనం అన్నాడు. ఇప్పుడు రకాన్ని బట్టి అంటున్నాడు. ఈ కాస్త పక్కకు జరగడం మామ కంటపడింది, ఏమీ అనకుండా లొట్టిని ఇటు జరుపుకున్నాడు.

మధ్యలో రాగుల ప్రస్తావన వచ్చింది. నేపాల్, సిక్కిం కొండల్లో ఉడికించి పులియబెట్టిన రాగులను ఒక పొడవాటి గిన్నెలో నింపి, వేడినీళ్లు పోసి, వెదురు గొట్టంతో పీలుస్తారు. గొట్టం కొసన సన్నటి కంతలు, గింజలు లోపలే ఉండిపోతాయి. తోంగ్బా అంటారు దాన్ని. వనపర్తిలో అవే రాగులు అంబలి అవుతాయి. "మనం అంబలి కాడనే ఆగినం" అన్నాడు మామ, కొంచెం ఆశ్చర్యంగా.

అప్పుడు అల్లుడు అమ్మమ్మ మాట ఎత్తాడు. మామకు తల్లి ఆమె. నడిగడ్డ అంటే కృష్ణకూ తుంగభద్రకూ నడుమ నేల. వానాకాలం రెండు నదులూ ఎర్రగా పారతాయి. ఆ నీళ్లు తాగడానికి పనికిరావాలంటే ఆమె ఒక చిల్లగింజ తీసుకుని, కుండ లోపల గరుకు చోట నాలుగు చుట్లు రుద్దేది. పొద్దునకు ఒండ్రంతా అడుగున పేరుకుని, పైన నీళ్లు కన్నీళ్లంత తేటగా ఉండేవి.

"అమ్మమ్మ చేసిందీ నేను జెలటిన్‌తోని చేసేదీ ఒక్కటే మామా. తేటకోసం తిప్పలు పడుడు మన ఇంట్ల ముందునుంచే ఉన్నది."

సైన్సు లెక్కన అతను చెప్పింది అక్షరాలా నిజం. నీళ్లలోని బంకమట్టి రేణువులైనా, బీరులోని ఈస్ట్ కణాలైనా ఒకదాన్నొకటి నెట్టుకునే విద్యుదావేశంతో తేలుతుంటాయి. చిల్లగింజలోని పదార్థాలు, జెలటిన్, చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్, ఇవన్నీ చేసేది ఆ రేణువులను ఒకదానికొకటి కట్టెయ్యడం. కట్టలు కట్టాక బరువుకి దిగిపోతాయి. గిన్నిస్ కంపెనీ కూడా ఎన్నో ఏళ్లు చేపతిత్తి పొడినే వాడి, 2015లో మానేస్తున్నామని ప్రకటించింది. ఆ చేపతిత్తికీ నడిగడ్డ చిల్లగింజకీ పని ఒక్కటే.

మామ చాలాసేపు మాట్లాడలేదు. తల్లి పేరు వచ్చినందుకు కావచ్చు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అమ్మ నీళ్లకు రుద్దింది. నీళ్లల్ల ఒండ్రు బయటిది. వాగుది, గట్టుది. నీళ్లు దాన్ని అడగలే. కల్లుల గసి బయటిది కాదు గద. కల్లు చేసిందే అది. చేసినోన్ని బయటికి పొమ్మంటవా?"

సంవాదం మొత్తంలో మామ చెప్పిన మాటల్లో ఇది బలమైనది. మురికి, మడ్డి రెండూ అడుక్కే దిగుతాయి కాబట్టి ఒకటే అనుకుంటుంది కన్ను. ఒకటి బయటి నుంచి వచ్చింది, రెండోది పని చేసి అలిసి కూర్చున్నది. బీరు సీసా అడుగున ఉండే పల్చటి లేత గోధుమరంగు పొర ఈ రెండో రకం. ఇంట్లో కాచినవాడు సీసాలో లీటరుకు ఐదారు గ్రాముల చక్కెర వేసి మూత బిగిస్తే, మిగిలిన ఈస్ట్ ఆ చక్కెరను తిని గ్యాసు పుట్టిస్తుంది, పని అయ్యాక అడుగున పడుకుంటుంది. బీరులో ఆ బుసబుస కావాలంటే ఆ పొర ఉండి తీరుతుంది. గ్యాసు సిలిండరు నుంచి ఎక్కించే బీరుకి మాత్రమే అది తప్పుతుంది. కాబట్టి అల్లుడు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మెల్లగా వొంపి చివరి అంగుళం సీసాలో వదిలితే సరి.

అలాగని గసి అంతా మేలని మామ అనలేదు. మిగిలిపోయిన కల్లు మడ్డి తాగితే కడుపు ఉబ్బుతుందని, పొద్దుమూకిన కల్లు గసి పిల్లికి కూడా పొయ్యొద్దని తనే చెప్పాడు. బతికున్న ఈస్ట్ కడుపులో కాసేపు పని సాగిస్తే గాలి పుడుతుంది. బీరులోనైతే నెలల తరబడి గసి మీదే వదిలేస్తే చచ్చిన కణాలు పగిలి, ఉడికిన మాంసం, రబ్బరు లాంటి వాసనలు దింపుతాయి. ఈస్టులో బి విటమిన్లు ఉన్న మాటా నిజమే, కానీ ఆ పేరు చెప్పి తాగడాన్ని మందు చేయనక్కర్లేదు.

ఇక్కడిదాకా ఇది రుచి గొడవ. ఆ తర్వాత వచ్చిన మాటతో ఇద్దరి గొంతులూ మారాయి.

"మామా, ఒకటి చెప్పు. కల్లు తెల్లగ ఉంటదనే కదా దాంట్ల ఏం కలిపినా ఎవ్వరికి తెల్వదు?"

మామ తల దించుకున్నాడు.

2015 సెప్టెంబరులో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులు నిండిపోయాయి. ఇప్పటి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోవే; విడి జిల్లాలయింది 2016 అక్టోబరు 11న. కల్లు ఆగిపోయిన మూడో నాటికి చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, పిచ్చి మాటలు, మూర్ఛలు. అవి కల్లు మానేసినందుకు వచ్చినవి కావు. కల్లులో కలిపిన అల్ప్రాజోలం, డైజీపామ్ లాంటి మత్తు బిళ్లల మందు ఒక్కసారిగా ఆగినందుకు వచ్చినవి. ఈ రెండూ 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టం పరిధిలో ఉన్నవి. అంతకుముందు ఈ పనికి క్లోరల్ హైడ్రేట్ వాడేవారు, తీపికి శాకరిన్ కలిపేవారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయినప్పుడూ పరీక్షల్లో అల్ప్రాజోలమే బయటపడింది.

చెట్లు తగ్గాయి, ఎక్కేవాళ్లు తగ్గారు, తాగేవాళ్లు తగ్గలేదు. ఈ మూడింటి మధ్య ఖాళీని పొడితో నింపారు.

"మా ఊర్ల ఒక ముసలామె" అన్నాడు మామ, "పొద్దున సీసా పడకుంటె లేవకపోతుండె. దుకాణం బందైన నాలుగో దినం ఆమె కొడుకును గుర్తు పట్టలే. ఆమె తాగింది నేను గీసిన చెట్టుది అయితె గట్ల అయితుండెనా? నలభై ఏండ్లల్ల నా లొట్టి తాగి ఎవ్వరన్న మూర్ఛ పడ్డరా?"

"అందుకే అంటున్న మామా. తేట సరుకైతే పొడి కనపడుతుండె."

అల్లుడి వాదంలో బలం, బలహీనత రెండూ ఇక్కడే ఉన్నాయి. అల్ప్రాజోలం తెల్లటి పొడి, నీళ్లలో దాదాపు కరగదు. తెల్లటి కల్లులో తెల్లటి పొడి దాక్కుంటుంది. అద్దం లాంటి ద్రవంలో అంత సులువుగా దాక్కోలేదు. ఇంతవరకూ అతని మాట నిలుస్తుంది. కానీ క్లోరల్ హైడ్రేట్ అలా కాదు, పటికబెల్లంలా నీళ్లలో పూర్తిగా కరిగిపోతుంది. ఎంత తేట గ్లాసు వెనక పేపరు పెట్టి చదివినా దాని జాడ దొరకదు. కాచి దించిన సారా కూడా నీళ్లంత తేటగానే ఉంటుంది, నాగర్‌కర్నూల్ అటు పక్క నల్లమల ఇప్పసారా అయినా, బెల్లం, పటికలతో దొంగచాటుగా కాచే గుడుంబా అయినా. గుడుంబా ఎన్ని ఇళ్లను కూల్చిందో పాలమూరు ఆడవాళ్లకు తెలుసు. దాని తేటదనం వాళ్లను కాపాడలేదు.

మామ లెక్కా అలాగే తప్పుతుంది. తెలుపు, నురగ అసలు కల్లుకు గుర్తులని అతను పొద్దున్నుంచి చెబుతున్నాడు. కల్తీ చేసేవాడికి ఆ సంగతి మామకంటే బాగా తెలుసు, ముందు తెలుపే చూసుకుంటాడు. మామ దానికి అడ్డం చెప్పలేదు. "అవును, సూపుకు ఒక్కతీరే ఉంటది" అని ఒప్పుకున్నాడు. అతని లొట్టిని నమ్మదగ్గదిగా చేస్తున్నది దాని రంగు కాదు. ఆ చెట్టు అక్కడే కనపడుతోంది, గీసింది కొడుకు, దించింది ఈ పొద్దునే. అల్లుడి బీరును నమ్మదగ్గదిగా చేస్తున్నదీ దాని తేట కాదు. ప్యాకెట్ చింపింది, పైపు కడిగింది అతనే. దుకాణంలో సీసా కొనే కూలి మనిషికి ఈ రెండిటిలో ఏదీ లేదు. అతని చేతికి సీసా చేరేలోపు ఎన్ని చేతులు మారిందో గసి చెప్పదు, తేట చెప్పదు. పరీక్ష చేసే ప్రయోగశాల, దాని నివేదిక ఊళ్లోకి చేరే దారి కావాలి. పాలమూరు పల్లెలకు తేట–గసి తగువు కంటే ఆ దారి ఎక్కువ అవసరం, దాని గురించి ఇంత గట్టిగా కొట్లాడేవాళ్లు తక్కువ.

లొట్టి ఖాళీ అవుతోంది. మామ చివరిసారి వొంపుతూ అడుగున రెండు వేళ్ల మందం ఉండగానే ఆపేశాడు. అల్లుడు రేక చాపాడు, మామ తల అడ్డంగా ఊపాడు. "అది రేపటిది." కొడుకు వచ్చి లొట్టిని అలాగే పట్టుకుపోయాడు, కడగలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం రాత్రి మామ ఫోను మోగింది. వీడియోలో అల్లుడు, అతని చేతిలో కొత్త గ్లాసు. ఈసారి గోధుమ బీరు. జెలటిన్ వెయ్యలేదు, చలిలో పెట్టలేదు. మబ్బుగా, మామిడిరసం రంగులో ఉంది. వెనక పేపరు లేదు.

మామ దాన్ని అటూ ఇటూ చూశాడు. "మంచిగున్నది. అంతా పోసినవా?"

"లేదు మామా. చివరి అంగుళం సీసల్నే వదిలేసిన."

"దాన్నేం జేసినవ్?"

"ఏం జేస్త, సింకుల పోసిన."

"పోస్తివా!" మామ మంచం మీంచి లేచి కూర్చున్నాడు. "గా గసిని పారబోస్తివా? ఇంక ఎన్ని సీసాలున్నయి?"

"ఇరవై దాకా ఉన్నయి."

"ఇగ ఇను. రేపు ఒక సీసా అడుగుది తియ్యి. కొద్దిగ తియ్యటి రసం కాచి చల్లార్చు, దాంట్ల పొయ్యి. మూతికి బట్ట కట్టు. రెండు దినాలకు నురగ లేస్తె నాకు ఫోన్ జెయ్యి."

అల్లుడు కాగితం కోసం వెతుక్కుంటున్నాడు. గ్లాసు బల్ల మీద పెట్టి, మార్కెట్ చీటీ వెనక రాసుకోవడం మొదలుపెట్టాడు. బార్లీ రసం ఎంత కాచాలో అడిగాడు. బార్లీ సంగతి తనకు తెల్వదని, లొట్టి సంగతి అడగమని మామ అన్నాడు.